శరత్తుకు మూడు కాగితాలు

జపాను నుంచి దిగిన పెట్టెల్లో
విసనకర్రలు, పట్టుబట్టలు, పొడుగుమెడ తీగవాద్యం.
నాకు మాత్రం ఒక చీటీ:
"మూడో నాట్యం. శరదృతువు. దయచేసి ఎరుపు తగ్గించండి."

ఎగ్మూరు హాల్లో ఇరవై ఆరేళ్ళుగా లైట్లు నావి.
పెళ్ళిళ్ళకి గులాబి, సంతాపసభలకి తెలుపు,
మంత్రిగారొస్తే ఉన్నవన్నీ.
ఆకులు రాలడానికి ఏ రంగని
ఇంతవరకూ ఎవరూ అడగలేదు.
మన శరత్తంటే వెన్నెల.
చెన్నైలో అదీ లేదు, ఐప్పసి వాన,
మోకాటిలోతు వీధిలోంచి
చెప్పులు చేత్తో పట్టుకొచ్చే జనం.
కాషాయం మీద పసుపు, పసుపు మీద వెలిసిన గోధుమ,
మూడు జెలటిన్ కాగితాలు కలిపి క్లిప్పు పెట్టాను.
నాకు చేతనైన ఋతువు అది.

పైవాటా రాజ్యమణమ్మకి పాసిచ్చాను.
ఒకప్పుడు కోడంబాకంలో గ్రూపు డాన్సరు,
హీరోయిన్ వెనక ఎడమవైపు మూడో మనిషి.
అంతకుముందు ముమ్మిడివరం దగ్గర ఏదో ఊరు.
వాళ్ళమ్మమ్మ సంగతి అడిగితే
బియ్యంలో రాళ్ళు ఏరుతున్నట్టు తల దించుకుంటుంది.

గ్రీన్‌రూములో ఫ్యానుకెదురుగా
మెడ వంచి కూర్చుంది వచ్చినావిడ.
తెల్లరంగు మధ్య మెడ వెనక
రెండు పాయలు పూయకుండా వదిలారు,
అక్కడ మాత్రం చర్మం, చెమట.
హాలు మేనేజరు నా చెవి దగ్గరికొచ్చాడు:
"గీషా అంటే... అంటే?"
ఆ రెండో "అంటే" నాకు తెలుసు.
గొడుగు దులుపుతున్న రాజ్యమణమ్మకి
ఇంకా బాగా తెలుసు.
"అంటే నాట్యం వచ్చినావిడ" అంది,
అతనికేసి చూడకుండా.

మోకాళ్ళు నొప్పులంటూనే మెట్లెక్కి
నా లైట్లగదిలో స్టూలు మీద కూలబడింది.

మూడో నాట్యం.
పైనుంచి సెల్వం చాటతో కాగితపుటాకులు వదుల్తున్నాడు,
ఓసారి గుప్పెడు, ఓసారి మర్చిపోయి ఏమీ లేదు.
ఆవిడ విసనకర్ర విప్పింది.
గజ్జెల్లేవు. తెల్లమేజోళ్ళ పాదాలు
నేలని ఒప్పించుకుంటూ జరిగాయి.
విసనకర్ర అంచు మీదుగా ఎవరి వాకిలో చూసింది.
చూపు తిప్పుకుంది.
మళ్ళీ చూసింది.
వారగా కూర్చున్న ముసలాయన కవిత చదివాడు,
మూడు ఊపిర్లంత పొడుగు.

"ఖండితరా" అంది రాజ్యమణమ్మ.

దుబాసీ అమ్మాయి మైకులో ఇంగ్లీషులో చెప్పింది తర్వాత.
నాకు అందినంత ఇది:

    అతని గొడుగు
    ఎదురింటి అరుగు మీద ఆరుతోంది
    నా గుమ్మంలో వాన

చూశావా, అనలేదు రాజ్యమణమ్మ.
ఒళ్ళోని కుడిచెయ్యి ఒకసారి లేచి
కటకాముఖం పట్టి
కొంగు సర్దుకున్నట్టు దిగిపోయింది.

అప్పుడే కరెంటు పోయింది.
మా జనరేటరుకి నలభై సెకన్లు కావాలి.
తీగ ఆగలేదు.
చీకట్లో మేజోళ్ళు నేలకి రాసుకునే చప్పుడు,
నా పక్కన తొడ మీద తాళం, మిశ్రచాపు.
ఆ పాటకి అది అతకలేదు.
ఆవిడ ఆపలేదు.
లైట్లొచ్చేసరికి నాట్యకత్తె
నేను వెలిగించాల్సిన చోటే ఉంది.

రంగు కడిగాక చూస్తే
ఇద్దరికీ నాలుగైదేళ్ళే తేడా.
"మీ అమ్మమ్మ కూడా ఇదేనా?" అడిగించింది రాజ్యమణమ్మ.
"అమ్మమ్మ, అమ్మ, నేను. కూతురు బ్యాంకులో."
"మాది అమ్మమ్మతో ఆపేశారు."
దుబాసీ పిల్ల ఆ మాట దగ్గర తడబడింది.
ఎవరు ఆపారు? అడిగిందావిడ.
రాజ్యమణమ్మ చాలాసేపు ఆలోచించి
"వాన తగ్గినట్టుంది" అంది.

సెల్వం స్టేజీ ఊడ్చి ఆకుల్ని గోనెసంచిలో పోశాడు,
స్కూలు డ్రామాకి పనికొస్తాయట.
లైటు ముందు నుంచి కాగితాలు తీశాను.
ఇంకా వేడిగా ఉన్నాయి.
విడదీయబోతే
పసుపు, కాషాయం అంటుకుపోయి ఉన్నాయి.